నేల నివాసం, ఎనిమిది క్రెడిట్లు

జూన్ 2

ఈ రోజు నుంచి తేదీ వేసి రాస్తున్నాను. రాయమన్నది భీమశంకరం గారు. యూనివర్సిటీతో పేచీ వచ్చినప్పుడు ఎప్పుడు ఏం అడిగామో, వాళ్ళు ఏం చెప్పారో కాగితం మీద ఉండాలనీ, మనకు గుర్తున్నది చెల్లదనీ అన్నారు.

నా పేరు కొపనాతి నూకరత్నం. ముప్పై తొమ్మిదేళ్ళు. కొత్తమెరక నీళ్ళ ప్లాంటులో పదిహేనేళ్ళుగా పని చేస్తున్నాను. పేరుకే మెరక. మా కాళ్ళ కింద ఉన్నవి నూట పన్నెండు తేలే దిమ్మెలు, వాటి కింద మూడు నిలువుల ఉప్పునీళ్ళు, ఆ నీళ్ళ కింద మా తాతల పొలాలు. పద్నాలుగు వందల మందిమి ఇక్కడే ఉంటున్నాం. అందరూ తాగేది మా ప్లాంటు నీళ్ళే.

ఉదయం ఉప్పు వడకట్టే పొరలు కడిగి, పంపులు తిప్పి, నీళ్ళలో ఇంకా ఎంత ఉప్పు కరిగి ఉందో చెప్పే టీడీఎస్ చూసి, రీడింగులు రిజిస్టరులో రాశాను. కింద భీమశంకరం గారు సంతకం చేశారు. నీటి శాస్త్రంలో డిగ్రీ ఉన్న మనిషి రోజూ సంతకం చేయకపోతే ప్లాంటు మూసేస్తారు. ఊళ్ళో డిగ్రీ ఉన్నది ఆయనొక్కరికే. జులై 31కి ఆయనకు అరవై ఐదు నిండుతాయి. ఆ మర్నాటి నుంచి ఆయన సంతకం చెల్లదు. గట్టు మీది నుంచి, అంటే నేల ఉన్న వైపు నుంచి, ఎవరినైనా పంపమని నాలుగు సార్లు రాశాం. సముద్రం మీద కాపురానికి ఎవరూ రాలేదు. రెండేళ్ళ కిందట మాలాగే నీళ్ళ మీదున్న పాతలంకలో ఇలాగే సంతకం ఆగి ప్లాంటు మూతపడితే అక్కడి జనాన్ని తొమ్మిది చోట్లకు విడదీసి పంపారు.

అందుకే తొమ్మిదేళ్ళుగా దూరవిద్యలో చదువుతున్నాను. డిగ్రీకి నూట ఇరవై క్రెడిట్లు కావాలి. నూట పదిహేడు అయ్యాయి. మిగిలింది నీటి చట్టాలు, మూడు క్రెడిట్లు. జులై 8న పరీక్ష.

ఈ ఉదయం యూనివర్సిటీ సైటులో నా పేజీ తెరిచి చూస్తే మిగిలిన క్రెడిట్లు పదకొండని ఉంది.

జూన్ 3

పొరపాటు కాదు. ప్లాంటులో నా దగ్గర పనిచేసే సంగాని వీరవేణిది కూడా చూశాం. ఆ పిల్లకు ఇరవై ఆరేళ్ళు, నాకంటే చురుకు. పోయిన నెలలోనే నూట ఇరవై పూర్తి చేసి పట్టా కోసం ఎదురుచూస్తోంది. ఆమె పేజీలో మిగిలినవి ఎనిమిది అని ఉంది.

ఆ ఎనిమిదీ ఒకే కోర్సు. పేరు ‘నేల నివాసం’. గట్టు మీద, యూనివర్సిటీ ఆవరణలో, ఆరు వారాలు ఉండాలి. నీళ్ళను చదివేవాళ్ళకు నేలతో పరిచయం ఉండాలని కొత్త నియమావళిలో పెట్టారట.

ఉంటాం, మాకేం బాధ? కానీ సముద్రం మీద పుట్టినవాళ్ళు గట్టెక్కాలంటే పాసు కావాలి.

జూన్ 5

యూనివర్సిటీ సలహాదారుతో మాట్లాడాను. అది మనిషి కాదు, గొంతు. చాలా మర్యాదగా మాట్లాడుతుంది. అడిగినవీ, అది చెప్పినవీ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నేల నివాసం చేయడానికి గట్టు పాసు ఇస్తారా అని అడిగాను. ఆవరణలో ఉండి చదివే విద్యార్థులకు ఇస్తారంది. నన్ను ఆవరణ విద్యార్థిగా మార్చమన్నాను. గట్టు పాసు ఉన్నవాళ్ళను మారుస్తామంది. పాసు ఇంకెవరికి ఇస్తారన్నాను. డిగ్రీ ఉన్నవాళ్ళకంది.

ఇదే ప్రశ్న మూడు రకాలుగా అడిగాను. మూడుసార్లూ అంతే ఓపికగా అదే జవాబు చెప్పింది. నీ మాటలు నీకే అర్థమవుతున్నాయా అని అడగబోయి ఊరుకున్నాను. వీరవేణి పక్కనే నిలబడి వింటోంది. వెళ్ళి పొరలు కడగడం మొదలుపెట్టింది, అవి ఉదయమే కడిగినా.

జూన్ 9

ఊళ్ళో ఈ డిగ్రీ చదువుతున్నవాళ్ళం ఇరవై ఆరుగురం. అందరినీ ప్లాంటు దిమ్మె మీదికి పిలిచాను. కొందరు ఇప్పటికే చదువు మానేద్దామన్న మాటలో ఉన్నారు.

మనలో ఎవరైనా నియమావళి మొత్తం చదివారా అని అడిగాను. ఒక్కరూ లేరు. నేనూ చదవలేదు. తొమ్మిదేళ్ళుగా నా పేజీలో ఎన్ని క్రెడిట్లు మిగిలాయో చూసుకోవడం తప్ప, ఆ లెక్క ఎక్కడి నుంచి వస్తోందో చూడలేదు. సలహాదారు ఏం చెబితే అదే నియమం అనుకున్నాను.

నియమావళి పదమూడు వందల పన్నెండు పేజీలు. మనిషికి సుమారు యాభై చొప్పున పంచుకున్నాం. రోజూ మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు కూర్చుని, ఎవరి పేజీలు వాళ్ళు పైకి చదవాలి. అర్థం కానిది దాటేయకూడదు.

జూన్ 16

వారం గడిచింది. హాజరు, పరీక్ష గది, గ్రంథాలయం, హాస్టల్లో కుక్కలు ఉండవచ్చా లేదా, అన్నీ తెలిశాయి. మాలో సగం మంది కుక్కను చూసి ఎరగరు. అవి చదువుతుంటే నవ్వులు. మిగతా సమయమంతా ఆవులింతలు.

అయినా ఒక తేడా కనబడింది. ముందు ‘మన వల్ల కాదు’ అన్నవాళ్ళే ఇప్పుడు వాక్యం మధ్యలో ఆపి ‘విద్యార్థి అని ఎవర్నంటున్నాడు ఇక్కడ?’ అని అడుగుతున్నారు.

జూన్ 21

దొరికింది. నాలుగో అధ్యాయం, ఏడో నియమం. వీరవేణి పేజీల్లో ఉంది. ఆమె చదివి, ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివింది.

విద్యార్థి తాను చేరిన ఏడాది అమల్లో ఉన్న నియమాల ప్రకారం గానీ, తర్వాతి ఏ ఏడాది నియమాల ప్రకారం గానీ, తన ఇష్టాన్ని బట్టి డిగ్రీ పూర్తి చేయవచ్చు. లిఖితపూర్వకంగా కోరుకోవాలి.

నేల నివాసం నియమావళిలోకి వచ్చింది పోయిన ఏడాది, మా పేజీల్లోకి ఎక్కించింది ఈ జూన్‌లో. మాలో పంతొమ్మిది మందిమి అంతకు చాలా ముందే చేరాం. సలహాదారును పిలిచి, పాత నియమాలు ఎంచుకునే హక్కు మాకుందా అని అడిగాను. ఉందంది. మరి మొదటే ఎందుకు చెప్పలేదన్నాను. మీరు పాసు గురించే అడిగారు, నియమాలు ఎంచుకోవచ్చా అని అడగలేదంది.

అయితే రాసుకో, నేను ఎంచుకుంటున్నాను అన్నాను. కుదరదంది. వరుసగా రెండు సెమిస్టర్ల కంటే ఎక్కువ చదువు ఆపినవాళ్ళకు ఆ హక్కు పోతుందట. మేం పంతొమ్మిది మందిమీ మూడు ఆపాం. తుఫాను ఏడాదిలో.

జూన్ 22

ఏమీ రాయాలని లేదు. రీడింగులు మామూలే.

జూన్ 24

తుఫాను ఐదేళ్ళ కిందటి మే నెలలో వచ్చింది. ముప్పై నాలుగు దిమ్మెలు తెగి కొట్టుకుపోయాయి. ఆ ఏడాదిన్నర చేతులున్న ప్రతివాళ్ళం దిమ్మెలు లాక్కొచ్చి కట్టడంలోనే ఉన్నాం. పుస్తకం తెరిచినవాళ్ళు లేరు. దానికి ఇప్పుడు సిగ్గుపడమంటారా?

ఆ కోపంలోనే చివరి యాభై పేజీలు నేనే చదివేశాను. అవి నిర్వచనాలు. పన్నెండు వందల ఎనభై ఎనిమిదో పేజీలో సెమిస్టరంటే ఏమిటో రాసి ఉంది: బోధన విద్యార్థికి కనీసం తొంభై రోజులు అందిన కాలం.

తుఫానుకు, మాకు పాఠాలు అందించే సిగ్నల్ టవరు గట్టు మీద కూలింది. మళ్ళీ నిలబెట్టింది నవంబరులో. జులైలో మొదలైన ఆ సెమిస్టరులో మాకు బోధన అందిందెక్కడ? తొంభై రోజులు అందకపోతే వాళ్ళ మాట ప్రకారమే అది సెమిస్టరు కాదు. మేం ఆపింది రెండే.

భీమశంకరం గారికి చదివి వినిపించాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ‘రుజువు కావాలమ్మా’ అన్నారు. ఆయనే లేచి బీరువా తెరిచారు. రీడింగులు గట్టుకు పంపాల్సి ఉంటుంది కాబట్టి, టవరు అందిందో లేదో రిజిస్టరులో రోజూ రాయడం ఆయన అలవాటు. జులై 1 నుంచి నవంబరు 9 దాకా ప్రతి పేజీలో ‘టవర్ లేదు’ అని ఆయన చేతిరాత. సెమిస్టరు ముగిసింది డిసెంబరు 20న. మధ్యలో అందింది నలభై ఒక్క రోజులు.

జులై 3

అప్పీలు పెట్టాను. అప్పీలును ముగ్గురు మనుషులు వినాలనీ, విద్యార్థి రాగలిగిన చోట వినాలనీ నియమం. గట్టుకు నేను రాలేను కాబట్టి మీరే రావాలని రాశాను. పద్నాలుగేళ్ళుగా ఎవరూ అప్పీలు అడగలేదని సలహాదారు చెప్పింది. తేదీ వేసి అది కూడా రాస్తున్నాను.

జులై 8

నీటి చట్టాల పరీక్ష రాశాను. ఆరు ప్రశ్నల్లో నాలుగు బాగా వచ్చాయి.

జులై 15

పాసయ్యాను. నూట ఇరవై.

జులై 19

ముగ్గురూ లాంచీలో వచ్చారు. వలలు బాగుచేసే షెడ్డులో కుర్చీలు వేశాం. దిమ్మె ఊగుతుంటే వాళ్ళు కుర్చీల అంచులు పట్టుకుని కూర్చున్నారు. పెద్దావిడ ఈమని సుభద్ర గారు, పరీక్షల విభాగానికి అధిపతి. రెండో ఆయన అన్నీ రాసుకుంటూ కూర్చున్నారు. మూడో ఆయన కలిదిండి వరహాలరాజు గారికి వాంతులు పట్టుకున్నాయి. అల్లం నీళ్ళిచ్చాం.

నేను చెప్పాల్సింది చెప్పాను. రిజిస్టరు ముందుపెట్టాను. వరహాలరాజు గారు ఒక్కటే అడిగారు, ఈ నలభై ఒక్క రోజులు ఎవరు లెక్కపెట్టారని. ఇరవై ఆరుగురం విడివిడిగా లెక్కపెట్టామని చెప్పాను. ఆయన రిజిస్టరు తీసుకుని తనూ లెక్కపెట్టడం మొదలెట్టారు.

అప్పుడు సుభద్ర గారు నన్ను పక్కకు పిలిచారు. మంచి మనిషి. గొంతులో దర్పం లేదు.

‘‘మీ ఇబ్బంది మాకు అర్థమైందమ్మా. మీకు మినహాయింపు ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను. ఈ వారంలోనే పట్టా వస్తుంది. కాకపోతే ఇది మీ ఒక్కరికే. దీన్ని చూపించి ఇంకెవరూ అడగకూడదు.’’

ప్లాంటుకు కావాల్సింది ఒక్క సంతకమే. ఔనంటే అయిపోతుంది. షెడ్డులో వీరవేణి, మిగతావాళ్ళు మా వైపే చూస్తున్నారు. ఆవిడ ఏమంటోందో వాళ్ళకు వినబడదు.

‘‘నేనడిగింది మినహాయింపు కాదండి’’ అన్నాను. ‘‘మీరు రాసుకున్న నియమం మిమ్మల్నే చదవమంటున్నాను. దయ అయితే నాకొక్కదానికే వస్తదండి. నియమమైతే పంతొమ్మిది మందికీ వస్తది.’’

‘‘నియమంగా తేల్చాలంటే సమయం పడుతుంది. ఈలోగా మీ ప్లాంటు మూతపడితే?’’

‘‘పడదండి. నడిపేది మేం కదా.’’

ఆవిడ తీర్పు రాసి పంపుతామని చెప్పి వెళ్ళిపోయారు.

జులై 20

ఊరంతా తెలిసింది. ప్లాంటు కమిటీ ప్రెసిడెంటు మల్లాడి తాతబ్బాయి గారు పొద్దున్నే వచ్చారు. పాతలంక చెదిరినప్పుడు ఆయన చెల్లెల్ని ఎక్కడికో పంపారు. రెండేళ్ళయినా ఆయన ఆమెను చూడలేకపోయారు.

‘‘ఇస్తానన్న పట్టా వద్దన్నావంట’’ అన్నారు. ‘‘పద్నాలుగొందల మంది గొంతు మీద నీ పంతవేంటి రత్నం?’’

రేపు నాకు జ్వరమొస్తే సంతకం ఎవరు చేస్తారని అడిగాను. ఒక్క మనిషి సంతకం మీద ఊరు నిలబడటం వల్లే ఇక్కడిదాకా వచ్చామన్నాను. ఆయన వినలేదు. వినమని గట్టిగా చెప్పే ధైర్యం నాకూ చాలలేదు. నేను చేసింది తప్పైతే ఆయన చెల్లెలి సంగతే మా అందరిదీ అవుతుంది.

జులై 31

భీమశంకరం గారు ఆఖరి సంతకం చేశారు. ముప్పై ఒక్క ఏళ్ళు చేశారట. పెన్ను జేబులో పెట్టుకుని, రేపటి పేజీకి తేదీ తనే వేసి వెళ్ళారు. తీర్పు రాలేదు.

ఆగస్టు 1

పొరలు కడిగాను. పంపులు తిప్పాను. టీడీఎస్ నూట నలభై. క్లోరిన్ సరిపోయింది. రిజిస్టరులో రీడింగుల కింద ఇలా రాశాను:

కొపనాతి నూకరత్నం. చేరిన ఏడాది నియమాల ప్రకారం నూట ఇరవై క్రెడిట్లు పూర్తి. పట్టా ఇవ్వలేదు.

కింద సంతకం చేశాను. దొంగతనంగా చేయలేదు. తలుపు తీసే ఉంచాను.

ఆగస్టు 6

గట్టు నుంచి తనిఖీ అధికారి వచ్చాడు. నీళ్ళు పరీక్షించాడు. నీళ్ళలో ఏ లోపమూ లేదు. రిజిస్టరు చూశాడు. డిగ్రీ లేని మనిషి ఆరు రోజులుగా సంతకం చేయడం నేరమనీ, ఆ ఆరూ నా చేత్తో నేనే కొట్టేస్తే కేసు రాయననీ అన్నాడు. ప్లాంటు మాత్రం 21న మూసేయాలని నోటీసు ఇచ్చాడు.

ఆ రోజుల్లో నీళ్ళు వడకట్టింది నేను, చూసింది నేను, రాసింది నేను. కొట్టేస్తే అబద్ధం రాసినట్టవుతుంది. కొట్టేయనన్నాను.

తాతబ్బాయి గారు గుమ్మంలోనే నిలబడి ఇదంతా విన్నారు. లోపలికొచ్చి పెన్ను అడిగారు. నా ఆరు సంతకాల పక్కనా ‘చూశాను’ అని రాసి తన పేరు పెట్టారు.

‘‘నీ మీద కోపం పోలేదు’’ అన్నారు నాతో. ‘‘అయితే ఈ నీళ్ళు నేనూ తాగేనండీ’’ అన్నారు అధికారితో. ‘‘రాసుకోండి.’’

సాయంత్రంలోగా కమిటీలో మిగిలిన ఎనిమిది మందీ వచ్చి పేర్లు పెట్టారు. పేజీ అంచుల్లో చోటు చాలలేదు.

ఆగస్టు 17

తీర్పు వచ్చింది. ఇద్దరు ఒకవైపు, ఒకరు మరోవైపు. రాసింది వరహాలరాజు గారు. ఒప్పుకోనిది సుభద్ర గారు. ఆవిడ తన కారణం కూడా రాశారు, ఇలా ఒక్కో మాటా పట్టుకుని అడిగితే ఏ నియమమూ నిలబడదని. ఆ వాక్యం పైకి చదివితే మా వాళ్ళు చాలాసేపు మాట్లాడుకున్నారు.

నలభై ఒక్క రోజుల కాలం సెమిస్టరు కాదు. పంతొమ్మిది మందికీ చేరిన ఏడాది నియమాలే. ఇప్పటికే నూట ఇరవై పూర్తయినవాళ్ళకు రెండు రోజుల్లో పట్టాలు ఇవ్వాలి. అలాంటివాళ్ళం ముగ్గురం. నేను, వీరవేణి, తూర్పు దిమ్మెల పాలెపు చంటమ్మ.

వీరవేణి నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఆగస్టు 19

పట్టాలు రెండే వచ్చాయి. నాకు వేరే కాగితం వచ్చింది. తనిఖీ అధికారి రిపోర్టు చూసి, అర్హత లేకుండా సంతకాలు చేసినందుకు యూనివర్సిటీ వాళ్ళు నా పట్టా ఏడాది పాటు ఆపుతున్నారు. కింద అచ్చు వేసిన క్షమాపణ ఉంది. ‘నా చర్యకు చింతిస్తున్నాను.’ దాని కింద సంతకం పెడితే వెంటనే పట్టా ఇస్తారు.

భీమశంకరం గారు పెట్టేయమన్నారు. ఒక్క వాక్యమే కదా, నీకెంత కష్టమైన చదువో నాకు తెలుసన్నారు. ఆయన మాట ఎప్పుడూ తీసేయలేదు. ఈ ఒక్కసారికి నన్ను వదిలేయమన్నాను.

నిజంగా చింతిస్తుంటే పెట్టేదాన్నే. ఆ వాక్యం కింద ‘చింతించడం లేదు’ అని రాసి, సంతకం చేసి, తిప్పి పంపాను.

ఆగస్టు 20

పొద్దున రీడింగులు నేను తీశాను. రిజిస్టరు వీరవేణి ముందు పెట్టాను. ఆమె పెన్ను పట్టుకుని కూర్చుండిపోయింది.

‘‘నాకు భయంగా ఉంది అక్కా. ఇది నువ్వు చెయ్యాల్సింది.’’

‘‘నేను చెయ్యాల్సింది పంతొమ్మిది రోజులు చేశాను’’ అన్నాను. ‘‘నువ్వు రీడింగు సరిచూసుకో. నేను రాశానని నమ్మకు.’’

ఆమె లేచి వెళ్ళి టీడీఎస్ మళ్ళీ తీసింది. నేను నూట ముప్పై ఎనిమిదని రాశాను. ఆమెకు నూట నలభై ఒకటి వచ్చింది. నాది కొట్టేసి తనది రాసి సంతకం చేసింది. మూసివేత నోటీసు మధ్యాహ్నానికి రద్దయింది.

ఇంటికొచ్చి కాసేపు ఏడ్చాను. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఆగస్టు 23

ఇంకా ఏడుగురున్నారు. పోయిన ఏడాదీ, ఈ ఏడాదీ చేరినవాళ్ళు. వాళ్ళు చేరేనాటికే నేల నివాసం నియమావళిలో ఉంది. తీర్పు వాళ్ళకు పనికిరాదు. గట్టు పాసు వాళ్ళకూ ఇవ్వరు. పంతొమ్మిది మందికి వచ్చింది చాలు, ఇక వదిలేద్దామని ఒకరిద్దరు మెల్లగా అన్నారు. వాళ్ళు ఆ పంతొమ్మిది మందిలోవాళ్ళే. ముందు మీరు వచ్చి కూర్చోండి అన్నాను.

రెండింటికల్లా ఇరవై ఆరుగురం కూర్చున్నాం. నేల నివాసం కోర్సు పూర్తి పాఠం వీరవేణి పైకి చదివింది. విద్యార్థి నేలపై ఆరు వారాలు నివసించాలి, అంతే; గట్టు, ఆవరణ అన్నవి మా పేజీల్లో వేసిన మాటలే, పాఠంలో లేవు. నివాసమంటే ఏమిటో రాశారు. వారమంటే ఎన్ని రోజులో కూడా రాశారు.

‘‘నేల అంటే ఏమిటో ఎక్కడైనా రాశారా?’’ అని అడిగాను.

అందరూ పేజీలు తిప్పారు. నిర్వచనాలు మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చూశాం.

‘‘ఎక్కడా లేదక్కా’’ అంది వీరవేణి.

నేను దిమ్మె మీద కాళ్ళు చాపుకుని, కొత్త కాగితం తీసి, అప్పీలు అని పైన రాశాను.